కంటి వెలుగును నిలిపే మూలకణాలు

ఇంటిలో చేసుకోదగిన చికిత్సలను గురించి వ్రాసేటప్పుడు, గృహవైద్యం ఎక్కడ పనికిరాదో చెప్పడం కూడా వైద్యుని ధర్మమేనని నేను భావిస్తాను. కంటిలో సున్నం పడటం అటువంటి సందర్భాలలో ముఖ్యమైనది. కారణం తెలియాలంటే ముందుగా మూలకణాలను గురించి తెలుసుకోవాలి.

మూలకణాలు అనగా నేమి?

మన శరీరంలో మరమ్మతు నిత్యం జరుగుతూనే ఉంటుంది. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. ప్రేవుల లోపలి పొర నాలుగైదు రోజులకు, పైచర్మం దాదాపు నెలకు క్రొత్తదవుతుంది. రాలిపోయిన కణాల స్థానాన్ని భర్తీ చేసేవే మూలకణాలు. మూలకణాలు విభజన చెందినప్పుడు కొన్ని మూలకణాలుగానే మిగిలి నిల్వను కాపాడుతాయి. తక్కినవి ఆయా అవయవానికి తగిన కణాలుగా పరిణమిస్తాయి. గృహిణులు పెరుగులో కొంత తోడు కోసం మిగుల్చుకోవడం వంటిదే ఇది. తోడు ఉన్నంతకాలం పెరుగుకు కొదవలేదు; తోడు పోయిన నాడు పాలెన్ని ఉన్నా ఫలితం లేదు.

1961లో కెనడా శాస్త్రజ్ఞులు టిల్, మెక్కలక్ ఎలుకల ఎముక మజ్జపై చేసిన ప్రయోగాలు వీటి ఉనికిని స్పష్టపరచాయి. ఆయుర్వేదం చెప్పిన సప్తధాతు పోషణ క్రమమూ, ఈ సిద్ధాంతమూ ఒకటేనని చెప్పడం నాకు సమ్మతం కాదు. శరీరం నిత్యం క్షీణిస్తూ, నిత్యం పూరింపబడుతుందన్న దృష్టి మాత్రం రెండింటికీ ఉమ్మడిది.

కంటిలో వాటి స్థానం

నల్లగుడ్డుపై గడియారపు అద్దంవలె పారదర్శకంగా ఉండే పొరను శుక్లపటలం లేదా కార్నియా అంటారు. దాని పైపూత వారం పది రోజులలో మారిపోతుంది. ఆ పూతను నింపే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున, లింబస్ అనే సన్నని వలయంలో ఉంటాయి. నలుసు వలన పడిన చిన్న గీత త్వరగా మానిపోవడం వీటి చలవే.

సున్నం క్షారపదార్థం. క్షారం కణాల కొవ్వుపొరలను కరిగిస్తూ లోతుకు చొచ్చుకుపోతుంది. లింబస్‌లోని మూలకణాలు నశిస్తే, తెల్లగుడ్డును కప్పే పొర రక్తనాళాలతో సహా కార్నియాపైకి ప్రాకుతుంది; చూపు మసకబారుతుంది. అప్పుడు నేత్రదానంలో లభించిన కార్నియాను మాత్రమే అమర్చినా అది నిలవదు. దానిపై పూతను నింపే “తోడు” అక్కడ లేదు కదా!

హైదరాబాదులో రూపొందిన పద్ధతి

1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు రోగి యొక్క మంచి కంటి లింబస్ కణాలను ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న కంటికి అమర్చిన ఫలితాలను ప్రకటించారు. 2012లో హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు చెందిన డాక్టర్ విరేందర్ సంగ్వాన్, ఆయన సహచరులు ప్రయోగశాల అవసరంలేని సులభ పద్ధతిని వెల్లడించారు. మంచి కంటినుండి సుమారు 2 మిల్లీమీటర్ల ముక్కను తీసి, 8 నుండి 10 తునకలు చేసి, దెబ్బతిన్న కంటిని శుభ్రపరచి కప్పిన ఉల్బపొరపై జిగురుతో అతికిస్తారు. ఆ తునకలనుండి కణాలు వ్యాపించి కొద్ది వారాలలో కార్నియాను కప్పుతాయి. రెండు కళ్ళూ దెబ్బతిన్నవారికి దాత కణాలను వాడవచ్చు. శరీరం వాటిని తిరస్కరించకుండా మందులు వాడవలసి ఉంటుంది.

వెంటనే చేయవలసినది

తాంబూలపు సున్నం పొట్లం నొక్కినప్పుడు చిమ్మి పిల్లల కళ్ళలో పడటం మన దేశంలో తెలిసిన ప్రమాదమే. ఆ క్షణమే రెప్పలు తెరచి, ధారగా పడే మంచినీటితో కనీసం అరగంట కడగాలి. నీరు తగిలితే సున్నం వేడెక్కుతుందని జంకవద్దు. పొట్లంలోనిది ముందే తడిసిన సున్నం. ధారాళమైన నీరు దానిని కొట్టుకుపోనిస్తుంది. కన్ను నులమనీయరాదు. ఆముదం, తేనె, చనుబాలు, పన్నీరు వేయరాదు. వాటికై వెదికే ప్రతి నిమిషమూ మూలకణాలకు ముప్పు. కడిగిన వెంటనే నేత్రవైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. పైరెప్ప మడతలో దాగిన సున్నపు రేణువులను ఆయన తొలగించగలరు.

నశించిన లింబస్ కణాలను ఏ కషాయమూ, ఏ లేహ్యమూ తిరిగి మొలిపించలేవు. అట్లే మూలకణాల పేరిట సర్వరోగాలూ నయం చేస్తామనే ప్రకటనలను కూడా నమ్మరాదు. రక్తవ్యాధులలో మజ్జ మార్పిడి వంటి నిరూపిత చికిత్సలు వేరు, ఇంకా పరిశోధనలో ఉన్నవి వేరు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు కూడా ఈ భేదాన్ని పాటించవలెనని చెబుతున్నాయి.

సున్నం పొట్లాన్ని, డబ్బాను పిల్లలకు అందని ఎత్తున ఉంచండి. ప్రకృతి ప్రసాదించిన మూలకణాలను కాపాడుకోవడానికి ఇంతకంటె తేలికైన ఉపాయం లేదు.