రిమోట్ నొక్కినా మంట రాకపోతే

ప్రశ్న: మాది కడప జిల్లా చెన్నూరు. అమెరికాలో మా కూతురింటికి వచ్చినాం. హాల్లో రిమోట్‌తో వెలిగే గ్యాస్ పొయ్యి ఉంది. వాళ్లు ఆఫీసుకు పోయినాక నొక్కితే ఒక్కోసారి వెలగదు, ఒక్కోసారి దానంతటదే ఆరిపోతాది. ఏం చేయాల?

జవాబు: పెన్న ఒడ్డు చలికి దుప్పటి చాలు, అక్కడ చాలదులెండి!

రిమోట్ నేరుగా మంట పెట్టదు. పొయ్యి కింద గానీ పక్కన గానీ చిన్న డబ్బా ఉంటుంది. రిమోట్ మాట వినేది అదే. చాలావాటికి ఆన్, రిమోట్, ఆఫ్ అని జారే మీట ఉంటుంది. తుడిచేటప్పుడు చేయి తగిలి అది ఆఫ్‌కి జరిగినా రిమోట్ పనిచేయదు. మీట సరిగానే ఉంటే సెల్లులు మార్చమనండి. అందరూ రిమోట్‌లోవి మార్చి డబ్బాలోవి మర్చిపోతారు. పొయ్యి వేడికి అవే ముందు అయిపోతాయి.

దానంతటదే ఆరిపోవడం చాలాసార్లు జబ్బు కాదు. గది వేడిని బట్టి మంటను వెలిగించి ఆపే థర్మోస్టాట్ పద్ధతిలో ఆ వేడిని కొలిచేది రిమోటే. దాన్ని పొయ్యి పైన అరుగు మీద పెడితే గదంతా వెచ్చబడిందనుకుని మంట ఆపేస్తుంది. మీరు కూర్చునే చోట పెట్టుకోండి. రిమోట్ మీద వేడి అంకె చూసి కంగారు పడకండి, అక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో 70 డిగ్రీలంటే మన లెక్కలో 21.

గ్యాస్ వాసన వస్తే మాత్రం రిమోట్ గానీ, లైటు స్విచ్ గానీ ముట్టుకోవద్దు. బయటికొచ్చాకే 911కి ఫోన్ చేయండి. మంట ఆరినా అద్దం చాలాసేపు కాలుతూనే ఉంటుంది, మనవళ్లను దగ్గరికి పోనివ్వకండి.