అద్దె తగ్గింది, మరి మిగిలిందెంత?

వనస్థలిపురంలో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు. ఇంత దూరం ఎందుకండీ అంటే, 'ఇక్కడ అద్దె ఎనిమిది వేలు తక్కువ' అంటారు. ఆ ఎనిమిది వేలూ నిజంగా మిగులుతున్నాయా? ఒకసారి లెక్క వేద్దాం.

పోనురాను దాదాపు 60 కిలోమీటర్లు. ఆఫీసు దగ్గర ఇల్లు తీసుకుంటే పది. అంటే రోజుకు 50 కిలోమీటర్లు అదనం. లీటరుకు 45 ఇచ్చే బైకు, 107 రూపాయల పెట్రోలు, నెలకు 22 పనిదినాలు అనుకుంటే పెట్రోలుకే సుమారు 2,600. సర్వీసింగు, టైర్ల అరుగుదల కలిపి 3,500 అనుకోండి. చేతిలో మిగిలేది 4,500. దానికోసం రోజుకు రెండున్నర గంటల చొప్పున నెలకు 55 గంటలు రోడ్డు మీద గడుపుతున్నారు. గంటకు 82 రూపాయలు! రోజుకు ఎనిమిది గంటలు చేసి 40 వేలు తెచ్చుకునే మనిషికి ఆఫీసు గంటకు 227 ఇస్తోంది. కారైతే మరీ ఘోరం. ట్రాఫిక్‌లో లీటరుకు 12 ఇస్తే అదనపు పెట్రోలే 9,800. ఆదా చేసిన అద్దె దానికే చాలదు.

ఈ లెక్కలోకి రాని ఖర్చులూ ఉన్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరిన మనిషికి వంట చేసే ఓపిక ఉండదు. సందు చివర కర్రీ పాయింట్‌లో పప్పు, వేపుడు కట్టించుకుని వెళ్తారు. అప్పటికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు స్టుట్జర్, ఫ్రే జర్మనీ సర్వేలను పరిశీలించి 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లు జీవితం పట్ల తక్కువ సంతృప్తితో ఉన్నారని తేల్చారు. మంచి జీతమో చౌక ఇల్లో ఆ లోటును పూడుస్తుందనుకుంటాం, పూడ్చడం లేదు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే, ఇంటిపని ఎవరి మీద ఎక్కువ పడుతోందో వాళ్ల ఆఫీసుకు దగ్గరగా ఇల్లు చూడాలని నా గట్టి అభిప్రాయం. చాలా ఇళ్లలో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతోంది.

సొంతిల్లు, పెద్దవాళ్లు, పిల్లల బడి ఉన్నవాళ్లు కదల్లేరు, నిజమే. వాళ్లు మేనేజర్‌ను లాగిన్ వేళ మార్చమని అడగాలి. ఏడున్నరకు లాగిన్ అయ్యేవాళ్ల దారీ, తొమ్మిదిన్నరకు అయ్యేవాళ్ల దారీ ఒకటి కావు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని దొరికితే ఆ ఖర్చు, ఆ గంటలు ఐదింట రెండు వంతులు తగ్గినట్టే. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గంలో దిగితే సమయం పెద్దగా కలిసిరాకపోయినా నడుము, కళ్లు బతుకుతాయి. అక్కడి నుంచి ఆఫీసుకు ఆటో ఖర్చు మాత్రం లెక్కలో వేసుకోండి.

ఇల్లు చూడ్డానికి అందరూ ఆదివారమే వెళ్తారు, అప్పుడు రోడ్లు ఖాళీగా ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చే ముందు, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు, ఒక సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరి ఆ దారిలో వెళ్లి చూడండి. సాయంత్రం ఆరున్నరకు అదే దారిలో తిరిగి రండి. ఆ తర్వాతే మాట ఇవ్వండి.