పెట్టె మూత మీద నంబరు

ఈ పాఠం మా ఊళ్లో జరిగిన సంగతి.

మాది విజయనగరం జిల్లాలో సముద్రం పక్క ఊరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ముందురోజే ఊళ్లో చాటింపు వేశారు. అందరం బడి మేడలోకి వెళ్లిపోయాం. ప్రాణాలు దక్కాయి. కానీ కరెంటు పోయింది. సెల్ టవర్లు పనిచేయలేదు.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. ఆమె కొడుకు చెన్నైలో పని చేసేవాడు. టీవీలో తుపాను చూసి భయపడ్డాడు. ఎన్నిసార్లు ఫోను చేసినా మోగలేదు. ఇక్కడ పెద్దమ్మ ఫోను రెండో రోజుకే ఛార్జింగు అయిపోయి ఆగిపోయింది.

మూడో రోజు పక్క టౌను నుంచి ఒక కుర్రాడు బియ్యం మూటలతో వచ్చాడు. "అమ్మా, టౌన్లో అక్కడక్కడా సిగ్నలు వస్తోంది. మీ వాళ్ల నంబరు రాసివ్వండి. నేను కబురు చెప్తాను" అన్నాడు.

పెద్దమ్మకు నంబరు నోటికి రాదు. రాయడమూ రాదు. 2 బొత్తం నొక్కి పట్టుకుంటే కొడుక్కి పోయేది. ఆమెకు తెలిసింది అంతే. నంబరేమో ఆగిపోయిన ఫోనులో ఉండిపోయింది. కుర్రాడు కాసేపు చూసి వెళ్లిపోయాడు.

అయిదో రోజు కొడుకే వచ్చాడు. కొంత దూరం బస్సు, కొంత దూరం నడక. "నువ్వు ఉన్నావో లేదో తెలీక ముద్ద దిగలేదమ్మా" అని ఏడ్చాడు.

తర్వాత పెద్దమ్మ రాత్రి బడికి వచ్చింది. తన పేరు రాయడం నేర్చింది. ఆ తర్వాత రాసింది కొడుకు నంబరే. పది అంకెలూ పెయింటుతో రేకు పెట్టె మూత లోపల రాసుకుంది. అది ఇప్పటికీ అలాగే ఉంది.

కబురు అందితేనే ప్రాణం

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 10 వేల మంది చనిపోయారు. చాలా ఊళ్లకు హెచ్చరిక వేళకు అందలేదు. హుద్‌హుద్ వేళ కబురు ముందే అందింది. ఆంధ్ర, ఒడిశా తీరాల్లో లక్షల మందిని ముందుగానే తరలించారు. కాబట్టి కబురు రావడానికీ, పంపడానికీ ఒక్క దారిని నమ్ముకోకూడదు.

రేవుల్లో తుపాను సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. 10 అంటే అతి పెద్ద ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని. చూశారా, సంబంధం తెగడానికి కూడా ఒక నంబరు పెట్టారు. అది జరుగుతుందని వాళ్లు ముందే అనుకున్నారు. మనమూ అనుకోవాలి.

తుపాను రాక ముందు

ఫోనుకు నిండా ఛార్జింగు పెట్టండి. ఇంట్లో బ్యాటరీ రేడియో ఉంచండి. కరెంటు పోయినా అది పలుకుతుంది. రేడియో, పంచాయతీ చాటింపు, ఫోనుకు వచ్చే ప్రభుత్వ హెచ్చరిక, వీటిని నమ్మండి. ఎవరో అన్నారంటే నమ్మకండి. దూరపు ఊళ్లో ఒక చుట్టాన్ని ఎంచుకోండి. ఇంట్లో అందరూ తమ క్షేమం ఆ ఒక్కరికే చెప్పాలి. విడిపోతే ఎక్కడ కలవాలో కూడా ముందే అనుకోండి.

తుపాను వచ్చాక

ఫోనులో పాటలు, వీడియోలు వద్దు. ఛార్జింగు దాచుకోండి. మాట కలవకపోతే మెసేజి పంపండి. మాట్లాడాలంటే మాట్లాడినంతసేపూ లైను దొరకాలి. మెసేజి చిన్నది. దారి దొరికినప్పుడు వెళ్తుంది. "క్షేమం. బడిలో ఉన్నాం" అంటే చాలు. ఫోను పూర్తిగా ఆగిపోతే చీటీ రాసి, టౌనుకు వెళ్లేవాళ్ల చేతికి ఇవ్వండి.

గుర్తుంచుకోవలసిన నంబర్లు

112 – ఏ ఆపదకైనా
108 – అంబులెన్సు
1077 – జిల్లా కంట్రోల్ రూము
1070 – రాష్ట్ర కంట్రోల్ రూము

రాయండి

ఈ చీటీ నింపండి. ప్లాస్టిక్ కవరులో పెట్టి రేషన్ కార్డుతో పాటు దాచండి.

నా పేరు: ..........
మా ఊరు, మండలం: ..........
ఇంట్లో ఎంతమంది: ..........
దూరపు చుట్టం పేరు, నంబరు: ..........

ఆలోచించండి

1. పెద్దమ్మ ఆ కుర్రాడితో కబురు ఎందుకు పంపలేకపోయింది?
2. మీ ఫోను ఈ రాత్రి ఆగిపోతే ఎన్ని నంబర్లు నోటికి చెప్పగలరు?
3. మీ వీధిలో ఫోను లేనివాళ్లు, వినపడనివాళ్లు ఎవరు? వాళ్లకు కబురు ఎవరు చెప్తారు?