పంట కోసినా సరుకు రాని సంవత్సరాలు: దీకెం తెల్ల వైను తీరు

2012 డిసెంబరులో ఫ్రాన్సులోని బోర్డో వైను బజారుకు ఒక కబురు అందింది. ఆ ఏటి పంటలోంచి షాతో దీకెం పేరుతో ఒక్క సీసా కూడా రాదని తోట మేనేజరు పియేర్ లుర్తోన్ ప్రకటించారు. తోట ఎండిపోయి కాదు. కోత జరిగింది, రసం పీపాలకు ఎక్కింది. అయితే కోతల వేళ కురిసిన వానలకు పండు నాణ్యత దెబ్బతిన్నది. రుచి చూసినవారు ఆ సరుకు ఆ పేరుకు తగదని తేల్చారు.

ఈ తోటకు ఇది కొత్త కాదు. అంతకు ముందు 1910, 1915, 1930, 1951, 1952, 1964, 1972, 1974, 1992 సంవత్సరాల్లో కూడా దీకెం తీపి వైను బజారుకు రాలేదు. 1951, 1952లలో వరుసగా రెండేళ్లు లేదు. ఏడాది రాబడిని చేజేతులా వదులుకోవడం చూసేవారికి వెర్రిగా తోచవచ్చు. కాని ఈ సరుకుకు పలికే ధరకు మూలం ఆ వదులుకోవడంలోనే ఉన్నది.

తోట బోర్డో నగరానికి ఆగ్నేయంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, సొటెర్న్ గ్రామంలో ఒక గుట్ట మీద ఉంది. ద్రాక్ష నాటిన నేల సుమారు 110 హెక్టార్లు, అనగా రమారమి 270 ఎకరాలు. మూడొంతులకు పైగా సెమియోన్ రకం, మిగిలినది సొవిన్యోన్ రకం. పైన గులకరాళ్లు, కింద బంకమన్ను. నీరు నిలవకుండా 19వ శతాబ్దంలోనే నేల కింద మైళ్ల కొద్దీ మురుగు గొట్టాలు వేశారు. గుట్ట దిగువన సిరోన్ అనే చిన్న ఏరు పారుతుంది. దాని నీరు చల్లన. అది కలిసే గారోన్ నది నీరు అంతకంటే వెచ్చన. ఈ తేడా వల్ల శరదృతువులో ఉదయం పూట పొగమంచు కమ్ముకుంటుంది. మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది.

ఆ మంచులో పండిన ద్రాక్షకు బోట్రైటిస్ సినేరియా అనే బూజు పడుతుంది. మరోచోట అయితే రైతు నెత్తి బాదుకునేవాడు. ఇక్కడ దాని కోసమే ఎదురు చూస్తారు. అక్కడివారు దానికి పెట్టిన పేరుకు అర్థం ‘ఉత్తమజాతి కుళ్లు’. బూజు పండు తొక్కకు కంటికి కనపడని రంధ్రాలు పెడుతుంది, లోపలి నీరు ఆవిరై పోతుంది, చక్కెర, పులుపు, వాసన చిక్కబడతాయి. ఎండ తక్కువై తేమ ఎక్కువైతే అదే బూజు పండును పూర్తిగా కుళ్లబెడుతుంది. లాభనష్టాల మధ్య ఉన్నది నాలుగైదు రోజుల వాతావరణం మాత్రమే.

బూజు అన్ని గింజలకూ ఒకేసారి పట్టదు. అందువల్ల ఒక తీగ దగ్గరకు ఐదారుసార్లు వెళ్లి, తయారైన గింజలను మాత్రమే ఏరుతారు. కోత ఒక్కొక్క ఏడు ఆరు వారాలకు పైగా సాగుతుంది. పని ఉన్నా లేకున్నా కూలీలను దగ్గర పెట్టుకోవాలి. వాన పడిన రోజు కూలి దండుగ.

దిగుబడి లెక్క చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. బోర్డోలో మామూలు ఎర్ర వైను తోటలు హెక్టారుకు 40, 50 హెక్టోలీటర్లు ఇస్తాయి. సొటెర్న్ పేరుతో అమ్మడానికి చట్టం అనుమతించే గరిష్ఠ దిగుబడి 25 హెక్టోలీటర్లు. దీకెంలో సగటున వచ్చేది 9 హెక్టోలీటర్లే, అనగా 900 లీటర్లు, ముప్పావు లీటరు సీసాలు 1,200. తీగకు ఒక గ్లాసు అని అక్కడ చెప్పుకుంటారు. ఆ పైన ఓక్ పీపాల్లో రెండు మూడు సంవత్సరాల నిల్వ. వడ్డీ లెక్క వేయడం వర్తకులకు ఎవరూ నేర్పనక్కర లేదు.

బ్రోకర్ల పట్టిక

ఈ వైనుకు గుర్తింపు ముద్ర వేసినవారు పండితులు కారు, బజారు బ్రోకర్లు. 1855లో ప్యారిస్‌లో మూడవ నెపోలియన్ జరిపించిన అంతర్జాతీయ ప్రదర్శనకు బోర్డో వైనుల జాబితా కావలసి వచ్చింది. స్థానిక వర్తక సంఘం ఏప్రిల్ 5న బ్రోకర్ల సిండికేటును కోరగా, వారు 18వ తేదీకే పట్టిక అందజేశారు. రెండు వారాలైనా పట్టలేదంటే కారణం ఒక్కటే: వారు కొత్తగా రుచులు చూడలేదు, ఏళ్ల తరబడి ఏ తోట సరుకు ఏ ధర పలికిందో తమ ఖాతాలు తిరగేశారు. తీపి తెల్ల వైనుల్లో తొమ్మిదింటిని మొదటి తరగతిలోను, పదకొండింటిని రెండవ తరగతిలోను చేర్చి, దీకెంను ఒక్కదాన్నే ఆ రెండింటికీ పైన విడిగా నిలబెట్టారు. ఎర్ర వైనుల్లో కూడా అటువంటి విడి స్థానం దేనికీ ఇవ్వలేదు. ఆనాటి ధరల పట్టిక నేటికీ చెల్లుబాటు కావడం విశేషం.

ఆ తరువాత నాలుగేళ్లకు, 1859లో, రష్యా చక్రవర్తి సోదరుడు గ్రాండ్ డ్యూక్ కాన్‌స్టాంటిన్ 1847 పంట దీకెం ఒక తొనో, అనగా నాలుగు పీపాల 900 లీటర్లు, 20,000 బంగారు ఫ్రాంకులకు కొన్నాడు. నేటి ఒక హెక్టారు దిగుబడి అంతే.

బోర్డోలో తోట యజమాని నేరుగా విదేశీ కొనుగోలుదారుకు అమ్మడం అరుదు. యజమానికి, టోకు వర్తకునికి మధ్య బ్రోకరు బేరం కుదురుస్తాడు. అతని దస్తూరీ నూటికి రెండు. ఎర్ర వైనులు చాలావరకు పీపాల్లో ఉండగానే, కోత తరువాతి వసంతంలో, వాయిదా బేరాల కింద చేతులు మారుతాయి. దీకెం మాత్రం చిరకాలం సీసాల్లోకి ఎక్కిన తరువాత, సిద్ధ సరుకుగానే బయటికి వచ్చేది. పెట్టుబడి ఎక్కువ కాలం ఇరుక్కున్నా, నచ్చని పంటను ఆపివేసే స్వేచ్ఛ ఆ పద్ధతిలో ఉంది. ముందే సొమ్ము పుచ్చుకున్న యజమానికి ఆ స్వేచ్ఛ ఉండదు.

1785లో జరిగిన ఒక పెళ్లితో తోట లుర్ సాల్యూస్ కుటుంబానికి చేరింది. మూడేళ్లకే భర్త పోగా, జోసెఫిన్ అనే ఆ వితంతువు దశాబ్దాల పాటు వ్యవహారం నడిపి, 1826లో కొత్త వైను శాల కట్టించింది. ఇంతటి దక్షతకు పట్టికలో చోటు దక్కే నాటికి, నాలుగేళ్ల ముందే, ఆమె కన్నుమూసింది. 1996లో కుటుంబ వాటాదారుల్లో చాలామంది తమ వాటాలను ఎల్‌.వి.ఎం.హెచ్. కంపెనీకి అమ్మగా, వివాదం 1999లో సద్దుమణిగింది.

పొరుగు తోటల పరిస్థితి వేరు. వాటికీ అదే మంచు, అదే బూజు, అదే కూలి ఖర్చు. కాని ధర దీకెంలో చిన్న భాగం మాత్రమే. పెద్ద కంపెనీ అండ లేని రైతు ఒక ఏడాది పంటను ఆపుకోగలడా? తాలు వేరు చేసే కొద్దీ కాటాకు వచ్చే సరుకు తగ్గుతుంది, తగ్గిన మేరకు ధర పెరుగుతుందన్న హామీ అతనికి లేదు. తీపి వైనుకు గిరాకీ కొన్నేళ్లుగా మందగించింది. 2021 ఏప్రిల్‌లో మంచు చాలా తోటల చిగుళ్లను మాడ్చివేసింది. అందువల్ల పలువురు అదే ద్రాక్షతో తీపి లేని తెల్ల వైను చేస్తున్నారు. దానికి సొటెర్న్ పేరు వాడరాదు, మామూలు బోర్డో పేరుతో అమ్ముకోవాలి. దీకెం కూడా 1959 నుంచి ‘ఇగ్రెక్’ అనే తీపి లేని రకం చేస్తున్నది.

పాత సీసాల బజారు మరొక వ్యవహారం. 2011లో 1811 నాటి దీకెం సీసా ఒకటి లండన్‌లో 75,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. ఇటువంటి ధరలున్న చోట నకిలీలు తప్పవు. కొనేవారు మొదట చూడవలసింది చీటీ మీది సంవత్సరం. 1964, 1972, 1974, 1992, 2012 వంటి ఏడు వేసిన తీపి దీకెం సీసా ఎవరు తెచ్చినా, బేరం అక్కడితో ఆపవచ్చు.