19 మాత్రలు, 21 రోజులు

మాది శ్రీకాకుళం తీరం. పెళ్లయి పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌కు వచ్చాను. చేపలమ్ముకుని బతికాను. ఆయన పోయాక పరీక్ష చేయించుకుంటే నాకూ హెచ్‌ఐవీ ఉందని తేలింది. 2020 లాక్‌డౌన్‌లో తెలిసొచ్చిన సంగతులివి. నాకు అరవై దాటాయి, ఇక దాచేదేముంది?

1. మందు దగ్గర్లో ఉంచుకోండి. నా పేరు విశాఖ కేజీహెచ్‌ హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో ఉండేది. ఇక్కడి జీబీ పంత్ ఆసుపత్రికి ఆటోలో వెళ్లిపోవచ్చు. కానీ అక్కడ ఎవరో ఒకరు చూస్తారు కదా! అందుకని కూతుర్ని చూసే వంకతో రెండున్నర రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ వెళ్లేదాన్ని. మాత్రలకు పైసా అక్కర్లేదు, 2004 నుంచి సర్కారు ఊరికే ఇస్తోంది. ఓడ టికెట్టంతా నా దాపరికానికే. మార్చి 24 రాత్రి టీవీలో ప్రధాని 21 రోజులన్నారు. డబ్బా తెచ్చి స్టీలు పళ్లెంలో బోర్లించి లెక్కపెట్టాను. 19. మళ్లీ లెక్కపెట్టాను. అంతే.

2. బియ్యం తక్కువైతే గంజి కాచుకోవచ్చు గానీ ఈ మాత్రల్లో పొదుపు కుదరదు. నేను పది రోజులు, రోజు విడిచి రోజు వేసుకున్నాను. అప్పటి మాత్రలో ఎఫవిరెంజ్ ఉండేది. వేసుకున్న రాత్రి తల తిరిగేది, పిచ్చి కలలొచ్చేవి. మానేసిన రాత్రులు హాయిగా నిద్రపట్టి, ఇదే మేలనుకున్నాను. తర్వాత డాక్టరమ్మ బాగా చీవాట్లు పెట్టింది. మందు అరకొరగా పడితే వైరస్ దానికి లొంగడం మానేస్తుందట, ఆ తర్వాత వేరే మందులకు మారాలట.

3. ఒక్కరికైనా చెప్పి ఉంచండి. ఓడలు లేవు, విమానాలు లేవు, మందు పంపమనడానికి కూతురు తప్ప దిక్కులేదు. దానికి అంతవరకూ చెప్పలేదు. సముద్రం అడుగు నుంచి చెన్నై కేబుల్ వచ్చింది ఆ ఏడాది ఆగస్టు 10న. అంతకుముందు మా దీవుల్లో నెట్టు సంగతి చెప్పుకుంటే సిగ్గు. వాట్సాప్‌లో దాని మొహం సగం విచ్చుకుని నిలబడిపోయింది. నేను గొంతు తగ్గించి చెబితే "ఏంటమ్మా? ఏముంది?" అంటుంది. పక్కింటికీ మాకూ మధ్య రేకు గోడ. చివరికి మామూలు ఫోన్ చేసి, దుప్పటి ముసుగేసుకుని, ఆ మూడక్షరాలూ ఒక్కొక్కటే పలికాను. కాసేపు మాట్లాడలేదు. "నీ సంచిలో డబ్బా చూసి ఎనిమిదేళ్లయిందే అమ్మా" అంది.

4. పుకార్లు వినొద్దు. ఆ రోజుల్లోనే జైపూర్‌లో కరోనా రోగులకు హెచ్‌ఐవీ మందులిచ్చారని వార్తలొచ్చాయి. అవి లోపినావిర్, రిటోనావిర్. నావి వేరు. ఏమైతేనేం, అందరూ ఈసడించుకునే మందులకు ఆ నాలుగు రోజులూ భలే గిరాకీ! జూలైకల్లా అవి కరోనాకు పనిచేయవని తేలిపోయింది.

5. అడిగినదానికే జవాబు చెప్పండి. మందు కోసం బయల్దేరితే దారిలో పోలీసు ఆపాడు. నేను వణుకుతూ నా మందుల పుస్తకం, గ్రీన్ బుక్ తీయబోయాను. "దవాయీ?" అన్నాడు. తలూపాను. "జాయియే అమ్మా" అన్నాడు. జబ్బు పేరు బయటపెట్టమని బలవంతం చేయడానికి లేదని 2017లో చట్టమే చేశారు, మరుసటి ఏడు సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. నాకా సంగతి అప్పుడు తెలియదు.

6. ఇది పాఠమో కాదో మీరే చెప్పండి. పేరు ఎక్కడున్నా దగ్గరి సెంటర్‌లో మందివ్వాలని పైనుంచి ఉత్తర్వులొచ్చాయని కూతురే కనుక్కుని చెప్పింది. మాస్కు మీద కొంగు కప్పుకుని జీబీ పంత్ మెట్లెక్కాను. బల్ల మీద ముందే ఒకామె కూర్చుని ఉంది, ఆమెకూ కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. నేను కౌంటర్‌లో పేరు చెప్పగానే చివ్వున తలెత్తింది. పదేళ్లుగా నా గంప ముందు కూర్చుని, మొప్పలు ఎత్తి చూడందే చేప కొనని మనిషి. నా గొంతు ఆమెకు తెలియకపోవడమేమిటి! నాకు కాళ్లు ఆడలేదు.

ఆమె బల్ల మీద పక్కకు జరిగింది. "మళ్లీ గంప ఎప్పుడు దింపుతావు వదినా?" అంది.