సంకుబుడి కొంగ దారి

ఈ నెల పాఠమునకు యిర్మియా 8వ అధ్యాయము 7వ వచనమును తెరచి చదువుకొనుడి. సంకుబుడి కొంగకు తాను వచ్చిపోవు వేళ తెలియునని ప్రవక్త అనుచున్నాడు. ఇది ఊరక అన్న మాట కాదు. ఆయన నివసించిన దేశము మీదుగానే ఏటేట ఆ తెల్లకొంగలు లక్షల కొలది ఐరోపాకును ఆఫ్రికాకును మధ్య ప్రయాణము చేయును. తలయెత్తి చూచినవాని మాట అది.

అవి ఆ దారినే ఎందుకు పోవలెను? మధ్యధరా సముద్రమునకు అడ్డముగా ఎగిరిన దగ్గర గదా అని మనకు తోచును. కాని అది 3, 4 కిలోల పక్షి. రెక్కలు చాపిన ఇంచుమించు 2 మీటర్లు. అంత దేహమును రెక్కలు కొట్టుకొనుచు వేల మైళ్లు మోయుట అలవికాదు. ఎండకు నేల కాగినప్పుడు వేడిగాలి పైకి లేచును. మన మెట్టపొలముల మీద మిట్టమధ్యాహ్నము గద్ద రెక్క ఆడింపక చుట్లు తిరుగుచు పైకి పోవుట చూచియున్నాము గదా! కొంగయు ఆలాగే పైకెక్కి, అక్కడనుండి జారుచు ముందుకు సాగి, మరియొక వేడిగాలిని పట్టుకొనును. సముద్రము మీద అట్టి గాలి అరుదు. కనుక తూర్పు గుంపులు బాస్ఫరస్ జలసంధి యొద్ద ఇరుకు నీటిని దాటి యొర్దాను లోయ ప్రాంతము మీదుగా దిగును. పడమటి గుంపులు జిబ్రాల్టరు యొద్ద దాటును. ప్రొద్దెక్కిన పిమ్మట బయలుదేరి సాయంకాలమునకు దిగుటకు కారణము ఇదే.

పూర్వము ఐరోపాలో ఇవి చలికాలమందు ఎచ్చటికి పోవునో తెలియక, కొందరు ఎక్కడనో దాగి నిద్రించునని తలచిరి. 1822లో జర్మనీలో ఒక కొంగ మెడలో ఆఫ్రికావారి బల్లెము గ్రుచ్చుకొనియుండగా దొరికెను. పాపము, ఆ గాయముతోనే అంత దూరము వచ్చినది!

2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన మనకు మరి వింతగానున్నది. దక్షిణ జర్మనీ నుండి కలిసి బయలుదేరిన 27 పిల్లకొంగలకు చిన్న యంత్రములు కట్టి చూచిరి. కొన్ని వేడిగాలిని తామే వెదకి పట్టుకొని ముందు సాగెను. వెంబడించినవి రెక్కలు ఎక్కువగా కొట్టవలసివచ్చెను. ముందున్నవి ఆఫ్రికా వైపు దూరము పోగా, వెనుకటివి ఐరోపాలోనే ఆగిపోవుచువచ్చెను.

ఇప్పుడు స్పెయిన్, పోర్చుగల్ దేశములలో అనేక కొంగలు ఆఫ్రికాకు పోవుటయే మానినవి. పట్టణముల చెత్తకుప్పలయొద్ద చలికాలమందు కూడ మేత దొరకుచున్నది. దీనిని సోమరితనమని మనము తొందరపడి అనరాదు. సహారా ఎడారి దాటుచు చచ్చునవి అనేకము. అయినను ఆ కుప్పలలో రబ్బరు ముక్కలు మ్రింగి చచ్చునవియు కలవు. పైగా చెత్తను అట్లు బయట పోయుటను ఐరోపా చట్టములు తగ్గించుచున్నవి. కొంగలు కుప్పలనే నమ్ముకొని లేవు. 1970ల దశకములో అమెరికా నుండి తెచ్చిన రొయ్యవంటి ఎఱ్ఱని ప్రాణి అక్కడి వరిమళ్లలో విస్తరించగా, దానిని కూడ ఏరుకొని తినుట నేర్చినవి.