అంతర్జాలంలో ఆప్తవాక్యం

పాఠ్యభాగ ఉద్దేశం: వస్తువులను సిఫారసు చేసి కమీషన్ పొందే వెబ్‌సైటుకు రచనా ప్రణాళిక ఎట్లా ఉండాలో, అందులో రచయిత బాధ్యత ఏమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మనిషి విలువైన వస్తువును కొనదలచినప్పుడు తెలిసినవారి సలహా అడుగుతాడు. ఎద్దులను కొనడానికి సంతకు వెళ్లే రైతు, ఆ విద్యలో ఆరితేరిన పెద్దను వెంటబెట్టుకొని పోవడం మన పల్లెల ఆచారం. న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను చెప్పింది. వీటిలో శబ్దమంటే ఆప్తవాక్యం. ఉన్నదానిని ఉన్నట్లు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పేవాడే ఆప్తుడు. నేడు సంతకు వెంట వచ్చే పెద్ద స్థానాన్ని చాలావరకు అంతర్జాలం ఆక్రమించింది. అక్కడ సలహా చెప్పేవాడు ఆప్తుడా, అమ్మకందారు పక్షాన నిలిచిన దళారియా? పాఠకునికి తెలిసేదెట్లా?

ఈ సందేహానికి మూలం అఫిలియేట్ మార్కెటింగ్. వెబ్‌సైటు నిర్వాహకుడు ఒక వస్తువును గురించి వ్యాసం రాసి, దానిని అమ్మే అంగడికి దారిచూపే లంకెను అందులో ఉంచుతాడు. పాఠకుడు ఆ లంకె ద్వారా వెళ్లి కొంటే నిర్వాహకునికి కమీషన్ లభిస్తుంది. అమెజాన్ సంస్థ ఇంకా పుస్తకాల అంగడిగా ఉన్న 1996లోనే ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది.

అయితే వ్యాసం రాసినంత మాత్రాన పాఠకులు రారు. వారిని తీసుకువచ్చేది సెర్చ్ ఇంజన్. 1998లో స్థాపితమైన గూగుల్, ఒక పుటకు ఇతర పుటలు ఇచ్చిన లంకెలను సిఫారసులుగా భావించింది. సిఫారసు చేసిన పుట స్థాయిని కూడా లెక్కలోకి తీసుకొన్నది. దీనిని కనిపెట్టిన కొందరు లంకెలను కొన్నారు. ఒకే మాటను పుటనిండా నింపారు. గూగుల్ 2011లో ‘పాండా’ అనే మార్పుతో సారహీనమైన పుటలను వెనుకకు నెట్టింది. 2021లో వస్తు సమీక్షల విషయమై మరొక మార్పు చేసి, లోతైన పరిశీలన గల రచనలకు ముందు స్థానం కల్పించింది. యంత్రం సైతం ఆప్తుని కోసమే వెదకుతున్నదన్నమాట!

అట్టి రచనకు ప్రణాళిక ఎట్లా వేయాలి? మన ప్రాచీనులు గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయాన్ని నిర్ణయించుకొనేవారు. అధికారి, విషయం, ప్రయోజనం, సంబంధం అనేవి ఆ నాలుగు. ఇంటికి మిక్సీ కొనడాన్ని ఉదాహరణగా తీసుకొని వీటిని పరిశీలించవచ్చు.

అధికారి అంటే రచన ఎవరికి ఉద్దేశించినదో ఆ పాఠకుడు. ఆండ్రే బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 2002లో అంతర్జాల అన్వేషణలను మూడు విధాలుగా విభజించాడు. విషయం తెలుసుకోవడానికి, తెలిసిన చోటికి చేరడానికి, ఒక పని జరుపుకోవడానికి మనుషులు వెదకుతారు. ‘దోసెపిండికి మిక్సీ చాలునా?’ అని అడిగేవాడు జిజ్ఞాసువు. ‘750 వాట్ల మిక్సీ ధర’ అని వెదకేవాడు కొనడానికి సిద్ధపడినవాడు. మొదటివానికి వివరణ కావాలి. రెండవవానికి పోలిక కావాలి. ఇద్దరికీ ఒకే సమాధానం తగదు.

విషయ నిర్ణయం రెండవది. ‘ఇంటికి తగిన మిక్సీని ఎన్నుకోవడం’ అనే ప్రధాన పుట ఒకటి ఉండాలి. మోటారు శక్తి, జార్ల పరిమాణం, శబ్దం, శుభ్రపరచడం, గ్రైండరుతో పోలిక అనే ఉపవిషయాలకు వేర్వేరు పుటలు ఉండాలి. ఇవన్నీ పరస్పరం లంకెలతో ముడిపడాలి. ఒకే ప్రశ్నకు రెండు పుటలు రాస్తే అవి ఒకదానితో ఒకటి పోటీపడతాయి. శీర్షిక పాఠకుడు వాడే మాటలలోనే ఉండాలి.

ప్రయోజనం పాఠకునిది కావాలి. నానబెట్టిన మినపపప్పును స్వయంగా రుబ్బి, ఎంతసేపు పట్టిందో, మోటారు ఎంత వేడెక్కిందో రాసినవాని మాటకు విలువ ఉంటుంది. పెట్టెపై ముద్రించిన గుణాలను తిరిగి రాసినవాడు కొత్తగా చెప్పినదేమీ లేదు. వస్తువులోని లోపాన్నీ, అది ఎవరికి పనికిరాదో ఆ సంగతినీ చెప్పడం ఉత్తమ సమీక్షకు లక్షణం.

చివరిది సంబంధం. శాస్త్రగ్రంథాలలో ఇది గ్రంథానికీ విషయానికీ ఉన్న సంబంధం. ఇక్కడ రచయితకూ అమ్మకందారుకూ ఉన్న సంబంధాన్ని కూడా చేర్చుకోవాలి. కమీషన్ శాతం సమానమైనప్పుడు, ఎక్కువ ధర గల వస్తువు ఎక్కువ ఆదాయాన్నిస్తుంది. ప్రలోభం పుట్టేది అక్కడే. నెలనెలా కొంత దాచుకొని మిక్సీ కొనే గృహిణికి ఆ ప్రలోభం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. అందుకే భారత ప్రభుత్వం 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు, వస్తువును సిఫారసు చేసేవారు అమ్మకందారుతో తమకు గల ఆర్థిక సంబంధాన్ని వెల్లడించాలని నిర్దేశించాయి.

సత్యం చెబితే వ్యాపారం సాగునా అన్న అనుమానం సహజం. అమెరికాలో బ్రయన్ లామ్ 2011లో ‘వైర్‌కట్టర్’ అనే వెబ్‌సైటును ప్రారంభించాడు. దీర్ఘకాలం పరీక్షించి, ఒక్కో తరగతిలో ఉత్తమమైన వస్తువును సూచించి, కారణాలు వివరించడం దాని పద్ధతి. అప్పట్లో దాని ఆదాయం ప్రధానంగా కమీషన్లదే. 2016లో న్యూయార్క్ టైమ్స్ సంస్థ దానిని మూడు కోట్ల డాలర్లకు పైగా చెల్లించి కొన్నది. ఆ మూల్యంలో అధిక భాగం పాఠకుల నమ్మకానిదే అనడం అతిశయోక్తి కాదు.

లంకె ఒక్క నొక్కుతో తెరుచుకొంటుంది. నమ్మకం ఒకసారి మూతపడితే మళ్లీ తెరుచుకోవడం కష్టం. రాసేవానికీ చదివేవానికీ ఈ ఎరుక అవసరం.

కఠిన పదాలు - అర్థాలు

ఆప్తవాక్యం = నమ్మదగినవాని మాట
చతుష్టయం = నాలుగింటి సముదాయం
జిజ్ఞాసువు = తెలుసుకోగోరేవాడు
ప్రలోభం = దురాశ, ఆకర్షణ
లంకె = ఒక పుటనుండి మరొక పుటకు దారిచూపేది

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. అనుబంధ చతుష్టయాన్ని వెబ్‌సైటు రచనా ప్రణాళికకు ఎట్లా అన్వయించవచ్చో వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఆప్తుడని ఎవరిని అంటారు?
2. ఆండ్రే బ్రోడర్ చేసిన విభజనను తెలపండి.
3. సమీక్షకుడు తన ఆర్థిక సంబంధాన్ని ఎందుకు వెల్లడించాలి?